పాపిట మీద చెయ్యి

శశిభూషణ్ గారు పోయిన రోజు పరామర్శకి జనం మా ఇంటికి వచ్చారు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. హైదరాబాదులో ఆయన మీద దండలు వేస్తుంటే టీవీలో చూపిస్తున్నారు, ఇక్కడ మా గుమ్మం ముందు చెప్పుల గుట్ట పెరిగిపోతోంది. వచ్చిన ఆడవాళ్ళు మా ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నిక్షేపంలాంటి మనిషిని పట్టుకుని ఆ శోకాలేంటి, అపశకునం కాకపోతే? లోపల తిట్టుకుంటూనే అందరికీ మజ్జిగ ఇచ్చాను. ఆ రోజు గుండెల్లో పడ్డ గుబులు వేసవంతా నన్ను వదల్లేదు.

మా ఆయన పేరు చిట్టియ్య. వాళ్ళ నాన్న, తాత గోదావరి పాయలో వల వేసి బతికినవాళ్ళు. ఈయనకి మాత్రం దేవుడు శశిభూషణ్ గారి ముఖం ఇచ్చాడు. అదే నుదురు, అదే గడ్డం. నడక, గొంతు ఈయన కష్టపడి తెచ్చుకున్నవి. జాతరల్లో, తీర్థాల్లో ‘జూనియర్ శశిభూషణ్’ అని ఫ్లెక్సీలు కట్టేవారు. నల్లకళ్ళద్దాలు నెమ్మదిగా తీసి, కండువాతో తుడిచి, కాసేపు ఊరుకుని, ‘తమ్ముడూ’ అనగానే ఈలలతో పందిరి లేచిపోయేది. అసలు గొంతు మాత్రం పీలగా ఉంటుంది. పులుసులో ఉప్పు తక్కువైందని ఆయన అంటే వంటింట్లో ఉన్న నాకే సగం వినపడదు.

విగ్గు పని నాది. దువ్వడం, నూనె పెట్టడం, ఎండలో జారిపోకుండా తలకి అతికించడం. స్టేజి మీద అద్దం ఉండదు కదా, అందుకని నేను ఎప్పుడూ జనంలో ముందు వరసలో నిలబడతాను. విగ్గు సరిగ్గా కూర్చుందంటే నా పాపిట మీద చెయ్యి పెట్టుకుంటాను. అది చూశాకే ఆయన నోరు తెరుస్తాడు. పెళ్ళయిన కొత్తలో ద్రాక్షారామంలో విగ్గు ఓ పక్కకి జారిపోయి జనం పడీపడీ నవ్వారు. అప్పటి నుంచీ ఇదే మా పద్ధతి. నా చెయ్యి లేవకపోతే ఎంతసేపైనా అలాగే నిలబడతాడు మహానుభావుడు.

శశిభూషణ్ గారు సినిమా నటుడే కాదు, మా ఎంపీ కూడా. ఆయన పోవడంతో ఎండలు ముదిరే వేళకి ఉప ఎన్నిక వచ్చింది. ఆయన బావమరిది లక్ష్మీనరసింహం గారు నిలబడ్డారు. ప్రచారం చూసుకునే జానకిరామ్ గారు కారేసుకుని మా ఇంటికి వచ్చి, పెద్దాయన వేషంలో చిట్టియ్య ఊరూరా తిరగాలన్నారు. మాటలు అక్కర్లేదు, వ్యాను మీద నిలబడి దణ్ణం పెడితే చాలట. నేను వద్దన్నాను. జాతర వేరు, ఎన్నికలు వేరు, మనకెందుకు మావా ఆ గొడవ అన్నాను. మావా అంటే నిజంగా మా అమ్మ తమ్ముడే. ఆయన విన్నాడా? చచ్చిపోయిన మనిషి ఉప్పు తిన్నాం లోవా అన్నాడు.

అదీ నిజమే. నేనే కాదంటే కళ్ళు పోతాయి. పడవ నడిపేవాడిగా శశిభూషణ్ గారు వేసిన సినిమా ఒకటుంది. వరదలో గెడ పట్టుకుని ఊరు ఊరంతటినీ ఒడ్డుకి చేరుస్తాడు. ఆ సినిమా వచ్చాకే బయట జనం మా గంగపుత్రుల్ని మనుషుల్లా చూడటం మొదలెట్టారని మా నాన్న అనేవాడు. దేవుడి పటాల పక్కన ఆయన ఫోటో లేని ఇల్లు మా పేటలో లేదు. నిజం వరదలొచ్చినప్పుడు కూడా మోకాళ్ళ లోతు నీళ్ళలో నడిచి వచ్చి లంకల్లో వాళ్ళకి బియ్యం మోసుకెళ్ళి ఇచ్చాడు. నేను కళ్ళారా చూశాను.

కానీ ఎంపీ అయ్యాక కొత్తమొగ గొడవ వచ్చింది. గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న ఊరది. అక్కడ ఒడ్డంతా ఒక రొయ్యల కంపెనీకి ఇచ్చారు, జెట్టీ కట్టుకోమని. ఊరివాళ్ళు పడవలు అడ్డం పెట్టి కూర్చున్నారు. శశిభూషణ్ గారు ఒక సభలో అద్దాలు తీసి, కండువాతో తుడుచుకుని, “నీళ్ళ మీద ఉందని పడవ కాలదా ఏంటి తమ్ముడూ?” అన్నారు. జనం ఈలలు వేశారు. తెల్లారేసరికి కొత్తమొగలో పడవలు కాలిపోయి ఉన్నాయి. ఒకదాంట్లో కాపలా పడుకున్న బుల్లియ్య అనే ముసలాయన లేవలేదు. ఎవరు చేశారో తేలలేదు. శశిభూషణ్ గారు ఆ ఊరు వెళ్ళలేదు. తానన్నది ఒట్టి డైలాగని, దానికి తనను తప్పుపడితే ఎలాగని విలేకరులతో అన్నారు.

ఆ డైలాగు పెద్ద హిట్టు. మా ఆయన కూడా జాతరల్లో చెప్పేవాడు. చెప్పమని జనమే అడిగేవారు.

ప్రచారం మొదటి రోజుల్లో నా భయం చూసి నాకే సిగ్గేసింది. వెళ్ళిన చోటల్లా హారతులే. ముసలమ్మలు వ్యాను ఎక్కి మరీ ఆయన బుగ్గలు తడిమారు. చిక్కిపోయావు నాయనా అని ఒకావిడ, నువ్వు పోయావన్నారే దుర్మార్గులు అని ఇంకొకావిడ. వెనకాల టీకొట్ల దగ్గర మాత్రం వేరే మాటలు వినపడేవి. దేవుడని కొందరు, కొంపలు కాల్చినవాడని కొందరు. ఒకే బెంచీ మీద కూర్చున్న అన్నదమ్ములు ఆయన గురించి చొక్కాలు పట్టుకోవడం చూశాను. పోయినాయన ఎలాగూ పోయాడు, వాళ్ళ కోపం ఎవరి మీద పడుతుంది? అదే ముఖం పెట్టుకుని వ్యాను మీద నిలబడ్డవాడి మీదేగా!

ఒక ఉదయం డ్రైవరు వ్యాను సముద్రం వైపు తిప్పాడు. ఎక్కడికని అడిగితే కొత్తమొగ అన్నాడు. జానకిరామ్ గారే చెప్పారట, పోటీ గట్టిగా ఉంది, ఒక్క ఊరు కూడా వదలకూడదని. ఆయన మాత్రం వేరే పని ఉందని రాలేదు.  అసలే వేట నిషేధం రోజులు, సముద్రం మీదకి వెళ్ళే వీల్లేదు, మగాళ్ళందరూ ఒడ్డునే ఉంటారు. దిగిపోదాం మావా అన్నాను. ఆయన అద్దాలు పెట్టుకుని ముందుకే చూస్తున్నాడు. అద్దాల వెనక కళ్ళు ఏమంటున్నాయో నాకు తెలియలేదు.

తాటాకు పందిళ్ళ కింద మగాళ్ళు వలలు బాగుచేసుకుంటున్నారు. వ్యాను ఆగితే ఒక్కడూ లేవలేదు, ఒక్క తలా తిరగలేదు. మైకులో పాట పెట్టబోతే డ్రైవరు చెయ్యి మీద కొట్టి నేనే ఆపాను. అంతలో పందిరి కింద నుంచి ఒక ముసలావిడ లేచి, చీర కుచ్చెళ్ళు దులుపుకుంటూ మా దగ్గరకొచ్చింది. వల పనులు ఆగిపోయాయి. అందరూ లేచి ఆవిడ వెనకాలే వచ్చి మా చుట్టూ నిలబడ్డారు. వాళ్ళ చేతుల్లో వల కోసే కత్తులు అలాగే ఉన్నాయి.

“కిందకి దిగు బాబూ” అంది ఆవిడ. దిగాడు. “అద్దాలు తియ్యి.” తీశాడు. ఆవిడ ముఖంలో ముఖం పెట్టి చాలాసేపు చూసింది. “నేను మరిడమ్మని. బుల్లియ్య పెళ్ళాన్ని. మా ఆయన పడవకి మీ పేరే రాయించుకున్నాడు, తెలుసా? ఎర్ర రంగుతో. ఆ పేరు మీదే కాలిపోయాడు.”

నువ్వు అనే మనిషి ఒక్కసారిగా మీరు అనేసరికి నాకు అర్థమైంది. ఆవిడ మాట్లాడేది మా ఆయనతో కాదు.

మరిడమ్మ గట్టిగా కూడా మాట్లాడలేదు. ఆయన బతికుండగా ఒక్కసారైనా వచ్చి, తప్పయిందని ఒక్క మాట అంటాడని చూశానంది. ఆ పడవ సినిమాలో అంత మంచివాడు, ఆ మంచితనమంతా ఉత్తదే అయ్యుండదని, ఎప్పుడో ఒకప్పుడు ఆయన మనసు కొట్టుకుంటుందని ఊళ్ళో వాళ్ళందరితో పోట్లాడిందట. ఆయన రాలేదు. ఇక రాడు.

“ఆ గొంతు నీ దగ్గరుందంట కదా” అంది. “ఆ ఒక్క మాటా నువ్వు అను. నీ గొంతుతో వద్దు. ఆయన గొంతుతోనే అను.”

మా ఆయన నా వైపు చూశాడు. అలవాటు మరి. నేను ఆ కత్తుల్ని చూశాను. అనకపోతే ఇక్కడి నుంచి ప్రాణాలతో కదలనివ్వరనిపించింది. నా చెయ్యి దానంతటదే లేచి పాపిట మీదకి వెళ్ళింది. భయంతోనే పెట్టాను, ఇంకేం లేదు.

మా ఆయన కండువా తీసి చేత్తో పట్టుకున్నాడు. “అమ్మా” అన్నాడు. శశిభూషణ్ గారే. ఆ గొంతు ఎన్నో స్టేజీల మీద విన్నాను కానీ అంత మెల్లగా ఎప్పుడూ వినలేదు. “చప్పట్ల కోసం అన్నానమ్మా. నోటికొచ్చింది అనేశాను. ఆ మాట వల్ల మీ ఇంట్లో దీపం ఆరిపోయిందని తెలిసి కూడా రాలేదు. నన్ను క్షమించమ్మా.”

 మరిడమ్మ కళ్ళు మూసుకుని వింది. “ఇంకోసారి అను” అంది. రెండోసారి చెబుతుంటే చప్పట్ల కోసం అన్న దగ్గర ఆయన గొంతు వణికింది. అది శశిభూషణ్ గారి గొంతు కాదు, మా ఆయనదే. ఆ డైలాగు తనూ చప్పట్ల కోసమే చెప్పాడు మరి. కళ్ళు తుడుచుకోవడానికి కూడా చెయ్యి లేపలేదు.

క్షమించానని మరిడమ్మ అనలేదు. నేను కనిపెట్టి చూశాను, అనలేదు. “ఎండన పడి వచ్చారు. అన్నం తిని వెళ్ళండి” అంది. మామిడికాయ వేసి వండిన ఎండురొయ్యల కూర పెట్టింది. కత్తులు పట్టుకున్నవాళ్ళే మాకు ఆకులు వేశారు.

కూర ఎంత బాగుందో చెప్పుకుంటూ వస్తున్నాం. మెయిన్ రోడ్డు ఎక్కి ఫోను సిగ్నలు రాగానే మా బతుకు తెల్లారింది. ఎవరో వీడియో తీసి పెట్టేశారు. శశిభూషణ్ గారి ముఖం, శశిభూషణ్ గారి గొంతు, మరిడమ్మ ముందు తల వంచుకుని క్షమించమని అడగడం. పోయేముందు పెద్దాయన నిజంగానే వచ్చి వెళ్ళాడని సగం మంది నమ్మేశారు. అవతలి పార్టీ వాళ్ళు దాన్నే పెద్ద తెరల మీద వేసి చూపించారు.

అప్పటి నుంచీ ఫోన్లు. మా దేవుడి చేత తప్పు ఒప్పిస్తావా, నీ నాలుక ఉండదు అని ఒకడు. నువ్వు ఏ దారిన వస్తావో మాకు తెలుసు అని ఇంకొకడు. మా ఇంటి ముందు ఫ్లెక్సీలో మా ఆయన ముఖాన్ని బ్లేడుతో కోసేశారు. మోటారు సైకిళ్ళ మీద కుర్రాళ్ళు మా వీధిలో అటూ ఇటూ తిరుగుతూ మా గుమ్మం ముందుకొచ్చేసరికి స్లో చేసేవారు. ఇంటర్ చదివే మా అమ్మాయి బేబీని యానాంలో మా చెల్లెలి ఇంటికి పంపేశాను. పగలు కూడా తలుపు గడియ పెట్టుకుని కూర్చునేదాన్ని. చేపలమ్మే అమ్మణ్ణి తలుపు తట్టినా కిటికీలోంచి చూశాకే తీసేదాన్ని. అంత భయం నేను ఎన్నడూ ఎరగను. 

అప్పుడు జానకిరామ్ గారు మళ్ళీ వచ్చారు. ఎంతో మర్యాదగా మంచినీళ్ళు అడిగి తాగారు. మా ఆయన మీద ఒక్క మాట తూలలేదు. రావులపాలెంలో ఆఖరి సభ ఉందన్నారు. అందులో చిట్టియ్య పెద్దాయన గొంతుతోనే చెప్పాలట, ఆ వీడియో కంప్యూటర్లో తయారు చేసిందని, తను కొత్తమొగ అనే ఊరు వెళ్ళనే లేదని, ఆ ముసలమ్మ చేత ఎవరో అలా అనిపించారని.

మా ఆయన నేల చూస్తూ కూర్చున్నాడు. జానకిరామ్ గారు నా వైపు తిరిగారు.

“కుర్రాళ్ళు చాలా కోపంగా ఉన్నారండి లోవలక్ష్మి గారూ. నేను మాత్రం ఎంతమందినని ఆపగలను చెప్పండి” అన్నారు. నవ్వుతూనే అన్నారు.

చెబుతారండి అన్నాను. మా ఆయన నోరు తెరిచేలోగా నేనే ఒప్పేసుకున్నాను. కారు వెళ్ళిపోయింది.

“ఆవిడ వింటుంది కదే” అన్నాడు ఆయన.

“వింటే విననీ మావా. నాకు నువ్వు కావాలి. ఆవిడ మొగుడు ఎలాగూ రాడు, నా మొగుడినైనా ఉండనీ.”

ఎంత మాట అనేశాను! కానీ ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను. ఆయన తల ఊపాడు.

రావులపాలెంలో సభకి జనం ఇసక వేస్తే రాలనంత మంది. రోడ్డుకి రెండు పక్కలా అరటి గెలలు గుట్టలుగా పోసి ఉన్నాయి, వాటి మీద ఎక్కి కూడా చూస్తున్నారు. విగ్గు పెట్టి, అతుక్కునేదాకా నొక్కి పట్టుకున్నాను. ఆయన నా మణికట్టు పట్టుకుని, నువ్వు ముందు వరసలోనే ఉండు, కనపడేలా ఉండు అన్నాడు. ఉంటాను, మరెక్కడికి పోతాను అన్నాను.

లక్ష్మీనరసింహం గారు బావగారిని తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకున్నారు. తరవాత పెద్ద తెర మీద పడవ సినిమాలో వరద సీను వేశారు. నేను అందరితో పాటు ఏడ్చాను. ఎప్పుడు చూసినా ఏడుస్తాను. శశిభూషణ్ గారు గెడ పక్కన పడేసి, మునిగిపోతున్న ఒక ముసలమ్మని రెండు చేతులతో పడవలోకి ఎత్తుకుంటారు. ఆవిడ వణుకుతుంటే తన కండువా కప్పి, ‘భయపడకమ్మా, నేనున్నాగా’ అంటారు. ఆ మాట దగ్గర జనం గోల చేశారు. నేను తెర మీద ముసలమ్మని చూస్తున్నాను. ఎన్నిసార్లు చూసి ఉంటాను ఆ సీను, ఎప్పుడూ ఆయన్నే చూశాను. ఆవిడని చూడటం అదే మొదలు. మళ్ళీ మరిడమ్మ అన్న మాట గుర్తొచ్చింది, ఆ మంచితనమంతా ఉత్తదే అయ్యుండదని.

మా ఆయన స్టేజి ఎక్కాడు. ఈలలు, పూలు. అద్దాలు నెమ్మదిగా తీశాడు. కండువాతో తుడిచాడు. మైకు ముందుకొచ్చి నా కోసం చూశాడు. నేను ఎదురుగానే ఉన్నాను. కనపడ్డాను.

చెయ్యి ఎత్తాలనే అనుకున్నాను. ఒట్టు. కొంగు పట్టుకున్న చెయ్యి కొంగునే పట్టుకుని ఉండిపోయింది.

ఆయన ఎదురుచూశాడు. పెద్దాయన కూడా అలాగే ఆగేవారు కదా, జనం ఇంకా గట్టిగా ఈలలు వేశారు. ఆయన ఇంకా చూస్తున్నాడు. ఈలలు తగ్గాయి. స్టేజి పక్క నుంచి జానకిరామ్ గారు కానివ్వమని చేత్తో సైగ చేస్తున్నారు. లక్ష్మీనరసింహం గారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. మా ఆయన కళ్ళు నా తల మీదే ఉన్నాయి.  చచ్చిపోతామని తెలుస్తూనే ఉంది, చెయ్యి మాత్రం లేవలేదు.

అప్పుడాయన రెండు చేతులూ ఎత్తి విగ్గు తీసేశాడు. జనం ఒక్కసారిగా గుసగుసలాడారు. సగం నెరిసి, పలచబడిపోయిన ఆ జుట్టుని స్టేజి మీద ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

“నా పేరు చిట్టియ్యండి” అన్నాడు తన పీల గొంతుతో. “కొత్తమొగలో ఆ మాట అన్నది నేనేనండి. కంప్యూటర్ కాదండి.”

మైకు తీసేశారు. ఆయన ఇంకేదో అన్నాడు కానీ వినపడలేదు. మెట్లు దిగి నా వైపు నడిచాడు. జనం పక్కకి తప్పుకున్నారు. ఇప్పుడు కొడతారు, ఇప్పుడు పడుతుంది మొదటి దెబ్బ అనుకుంటూ నేను ఆయనకి ఎదురెళ్ళాను. ఒక చెప్పు వచ్చి వీపు మీద తగిలింది. ఆయన వెనక్కి తిరగలేదు. చెయ్యి పట్టుకుని లాక్కుంటూ అరటి గెలల మధ్య నుంచి నడిపించేశాను. అవతల రోడ్డు మీద కనపడ్డ మొదటి ఆటో ఎక్కేశాం. ఎక్కడికని డ్రైవరు అడిగితే ముందు పోనివ్వు బాబూ అన్నాను. ఆటో వంతెన దాటింది. విగ్గు నా ఒడిలో ఉంది.

“చెయ్యి ఎందుకు పెట్టలేదే?” అన్నాడు.

“విగ్గు సరిగ్గా లేదు మావా” అన్నాను.

ఆయన నా ముఖం కేసి చూశాడు. “సరిగ్గానే ఉంది” అన్నాడు.

లక్ష్మీనరసింహం గారు గెలిచారు. జాతరలవాళ్ళు మమ్మల్ని పిలవడం మానేశారు. వేట నిషేధం ఎత్తేశాక మా ఆయన వలకి వెళ్తున్నాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. బేబీ ఇంకా యానాంలోనే ఉంది, తీసుకురావడానికి నాకు ధైర్యం చాలడం లేదు. ఫోన్లు తగ్గాయి కానీ పూర్తిగా ఆగలేదు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం టీవీలో పడవ సినిమా వేశారు. కట్టేద్దామని రిమోట్ తీస్తే ఉంచమన్నాడు. వీధిలోకి వినపడకుండా సౌండ్ బాగా తగ్గించి చూస్తున్నాం. డైలాగులన్నీ మా ఆయన పెదాలతోనే అంటున్నాడు, గొంతు లేకుండా. వరద సీను వస్తుండగా బయట మోటారు సైకిల్ ఒకటి వచ్చి మా గుమ్మం ముందు ఆగింది. ఇంజను ఆపలేదు. మేమిద్దరం కదలకుండా కూర్చున్నాం. ఆయన చెయ్యి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. చాలాసేపటికి బండి కదిలి వెళ్ళిపోయింది.

“ముసలమ్మ మాటలు వినపడలేదే. సౌండ్ పెంచు” అన్నాడు.

పెంచాను.